రేడియో ట్రక్కు స్టీరింగ్: అమరిక, సర్దుబాటు



ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో తోంగ్‌పాల్ అనే ఊరు ఉంది. ఇప్పుడది సుక్మా జిల్లాలో భాగం. జగదల్‌పూర్ నుంచి దర్భా, సుక్మా, కొంట దాటి మన చింతూరు, భద్రాచలం వైపు దిగివచ్చే జాతీయ రహదారి ఈ ఊరి గుండానే పోతుంది. పాత లెక్కలో దాని నంబరు 221, ఇప్పటి లెక్కలో 30. ఆ రహదారి చివరికి విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం దగ్గర ముగుస్తుంది. దర్భాకూ తోంగ్‌పాల్‌కూ మధ్య ఝీరం ఘాటీ ఉంది. అక్కడ అడవి, కొండ, ఒకదాని వెంట ఒకటిగా మలుపులు.

ఆ రోడ్డు పక్కన ఒక మలుపు దగ్గర, కాస్త దూరంగా నిలబడి వచ్చేపోయే లారీలను చూస్తున్నారనుకోండి. డ్రైవరు మలుపులోకి వెంటనే తిరగడు. ముందు కొంచెం బయటి వైపుకు పోతాడు, ఆ తర్వాత స్టీరింగ్ తిప్పుతాడు. ఇంకొక సంగతి కూడా మీ కంట పడుతుంది. మలుపు లోపలి అంచున ఒక గుంట ఉంటే లారీ ముందు చక్రం దాన్ని తప్పించుకుని పోతుంది, అదే వైపు వెనక చక్రం మాత్రం సరిగ్గా ఆ గుంటలోనే పడుతుంది. ఒకే బండి, ఒకే డ్రైవరు. మరి రెండు చక్రాలు రెండు దారుల్లో ఎందుకు పోతున్నాయి?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి లారీ అక్కర్లేదు. చేతిలో పట్టుకునేంత రేడియో ట్రక్కు ఒకటి చాలు. ఆ ట్రక్కుకు స్టీరింగ్‌ను మన చేత్తో అమర్చి, సరిచేసి, నేల మీద నడిపి చూస్తే పుస్తకంలో పది పేజీలు చదివినా అర్థం కాని విషయాలు అర్థమవుతాయి. ఈ పాఠంలో మనం చేయబోయేది అదే.

ముందుగా ఒక తేడా గుర్తించాలి. జాతరలో, తిరునాళ్లలో కొనే రిమోట్ కారుకు స్టీరింగ్ మూడే స్థానాల్లో ఉంటుంది. పూర్తి ఎడమ, నేరు, పూర్తి కుడి. మీట నొక్కితే చక్రం ఒక్కసారిగా చివరికి పోతుంది. మనం మాట్లాడుకునేది ఆ రకం కాదు. మన ట్రక్కులో ట్రాన్స్‌మిటర్ మీది చక్రాన్ని ఎంత తిప్పితే ట్రక్కు చక్రాలు ఆ నిష్పత్తిలోనే తిరుగుతాయి. దీన్ని అనుపాత నియంత్రణ అంటారు.

రేడియో అలలతో ఒక వాహనాన్ని దూరం నుంచి తిప్పడం కొత్త సంగతేమీ కాదు. నికోలా టెస్లా 1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక చిన్న పడవను నీటి తొట్టిలో ఉంచి, తీగ లేకుండా దాని చుక్కానిని తిప్పి చూపించాడు. అదే సంవత్సరం నవంబరు 8న అమెరికాలో దానికి పేటెంటు వచ్చింది. రేడియో ఇంకా మాటలు మోయడం నేర్వకముందే స్టీరింగ్ తిప్పడం నేర్చుకుందన్నమాట! చాలా మంది విద్యార్థులకు ఈ సంగతి ఆశ్చర్యంగా ఉంటుంది.

మన ట్రక్కులోకి వద్దాం. మీ చేతిలోని ట్రాన్స్‌మిటర్ సంకేతాన్ని పంపుతుంది. ట్రక్కులోని రిసీవర్ దాన్ని అందుకుంటుంది. రిసీవర్ నుంచి మూడు తీగలు సర్వో అనే చిన్న పెట్టెకు పోతాయి. ఒకటి ధన విద్యుత్తుకు, ఒకటి రుణ విద్యుత్తుకు, మూడోది సంకేతానికి. పాత పరికరాలు 27 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో పనిచేసేవి. ఒకే మైదానంలో ఇద్దరి దగ్గర ఒకే ఛానెల్ స్ఫటికం ఉంటే ఒకరి ట్రక్కు ఇంకొకరి మాట వినేది. ఇప్పటి పరికరాలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో పనిచేస్తాయి. తక్కువ శక్తితో ఈ పట్టీని వాడుకోవడానికి మన దేశంలో 2005లో లైసెన్సు మినహాయింపు ఇచ్చారు. ట్రాన్స్‌మిటర్, రిసీవర్ మొదట ఒకదాన్నొకటి గుర్తుపట్టేలా జతపరుచుకుంటాయి కనుక పక్కవాడి సంకేతం మన ట్రక్కును కదిలించదు.

సర్వో లోపల ఏముందో తెలియకుండా దాన్ని సరిచేయలేం. అందులో ఒక చిన్న మోటారు, దానికి గేర్లు, చివరి గేరు ఇరుసుకు కలిపిన ఒక పొటెన్షియోమీటరు, ఒక చిన్న సర్క్యూటు ఉంటాయి. రిసీవర్ నుంచి మామూలుగా ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒక విద్యుత్ స్పందన వస్తుంది, అంటే సెకనుకు 50 సార్లు. ఆ స్పందన 1.5 మిల్లీసెకన్లు ఉంటే అది నేరు స్థానం. 1 మిల్లీసెకను ఒక చివర, 2 మిల్లీసెకన్లు మరో చివర. సర్క్యూటు ఈ స్పందన నిడివిని చూసి, పొటెన్షియోమీటరు చెబుతున్న ప్రస్తుత స్థానంతో పోల్చి, రెండింటికీ తేడా ఉంటే మోటారును తిప్పుతుంది. తేడా పోగానే ఆపేస్తుంది. దీన్నే పునర్నివేశం అంటాం. ఎవరైనా చక్రాన్ని చేత్తో పక్కకు నెడితే సర్వో ఎదురు తిరిగి తన స్థానానికి రావడానికి కారణం ఇదే.

ఇక్కడొక చిన్న లెక్క చేద్దాం. సాధారణంగా అర మిల్లీసెకను తేడాకు సర్వో దాదాపు 45 డిగ్రీలు తిరుగుతుంది. అంత సూక్ష్మమైన కాలానికి అంత తేడా కనుక సర్క్యూటు ప్రతి చిన్న కదలికకూ స్పందిస్తే మోటారు ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది. అందువల్ల కొద్ది మైక్రోసెకన్ల తేడాను అది పట్టించుకోదు. 5 మైక్రోసెకన్లు వదిలేసిందంటే సుమారు 0.45 డిగ్రీ వదిలేసినట్టు. ఏ సర్వో అయినా ఈ మాత్రం అలసత్వం చూపుతుంది. ట్రక్కు నేరుగా పోవడం లేదని ఫిర్యాదు చేసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

సర్వో పెట్టె మీద 10 కిలో-సెంటీమీటర్లు అని రాసి ఉంటే అర్థం ఏమిటి? ఇరుసు నుంచి 1 సెంటీమీటరు దూరంలో 10 కిలోల బరువును నిలపగలదని. సర్వో చేయి 2 సెంటీమీటర్లు ఉంటే చివరన అందే బలం 5 కిలోలే. చేయి పొడవైతే చక్రం ఎక్కువ తిరుగుతుంది, బలం తగ్గుతుంది. రెండూ ఒకేసారి దక్కవు. నిలబడిన ట్రక్కుకు చక్రాలు తిప్పడం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే టైరు నేల మీద దొర్లకుండా రుద్దుకుంటుంది. పవర్ స్టీరింగ్ లేని రోజుల్లో పాత లారీ డ్రైవర్లు బండి కొంచెం కదలనిచ్చి స్టీరింగ్ తిప్పేవారు. మీ సర్వోకు కూడా అదే మర్యాద చేయండి.

ఇక అసలు విషయానికి వద్దాం. రెండెడ్ల బండికి ఉన్నవి రెండే చక్రాలు కనుక దానికి ఈ చిక్కు లేదు. ఎద్దులు ఎటు తిరిగితే బండి అటు తిరుగుతుంది. నాలుగు చక్రాల గుర్రబ్బండి వచ్చాక ముందు ఇరుసు మొత్తాన్ని మధ్యలో ఒక మేకు మీద తిప్పేవారు. ఇరుసు బాగా తిరిగినప్పుడు బండికి ఆధారం తగ్గి ఒరిగిపోయే ప్రమాదం ఉండేది. 1817లో మ్యూనిక్‌కు చెందిన గెయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ అనే బండ్ల తయారీదారు ఇరుసును కదలనీయకుండా, దాని రెండు చివరల్లోని చక్రాలను మాత్రమే విడివిడిగా తిప్పే పద్ధతి కనిపెట్టాడు. 1818లో రుడాల్ఫ్ ఆకెర్మాన్ దానికి లండన్‌లో పేటెంటు తీసుకున్నాడు. పేరు ఆయనకే మిగిలింది. కనిపెట్టింది ఒకరు, పేరు ఇంకొకరిది. విజ్ఞాన చరిత్రలో ఇటువంటివి చాలా ఉన్నాయి.

ఈ పద్ధతిలోని కీలకం ఇది. ట్రక్కు మలుపు తిరిగేటప్పుడు నాలుగు చక్రాలూ ఒకే కేంద్రం చుట్టూ నాలుగు వృత్తాలు గీస్తాయి. ఏ చక్రమైనా పక్కకు జారకుండా దొర్లాలంటే దాని ఇరుసు గీత ఆ కేంద్రం గుండా పోవాలి. వెనక చక్రాలు తిరగవు కనుక ఆ కేంద్రం వెనక ఇరుసు గీత మీదే ఎక్కడో ఉంటుంది. లోపలి చక్రం కేంద్రానికి దగ్గర, బయటి చక్రం దూరం. కాబట్టి లోపలి చక్రం ఎక్కువ తిరగాలి, బయటిది తక్కువ తిరగాలి.

అంకెల్లో చూద్దాం. మీ ట్రక్కు ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 30 సెంటీమీటర్లు, ముందు చక్రాలు తిరిగే రెండు కింగ్‌పిన్‌ల మధ్య దూరం 16 సెంటీమీటర్లు అనుకుందాం. వెనక ఇరుసు మధ్యబిందువు నుంచి మలుపు కేంద్రానికి 60 సెంటీమీటర్లు. లోపలి చక్రానికి అడ్డదూరం 60 నుంచి 8 తీసేస్తే 52. 30ని 52తో భాగిస్తే 0.577, ఆ టాన్ విలువకు కోణం 30 డిగ్రీలు. బయటి చక్రానికి అడ్డదూరం 68. 30ని 68తో భాగిస్తే 0.441, కోణం దాదాపు 24 డిగ్రీలు. రెండు చక్రాల మధ్య 6 డిగ్రీల తేడా ఉండాలన్నమాట. రెండూ 30 డిగ్రీలే తిరిగితే బయటి టైరు మలుపు పొడుగునా నేలకు రుద్దుకుంటుంది. సిమెంటు నేల మీద ఆ కిర్రుమనే చప్పుడు మీకు వినబడుతుంది.

ఈ తేడా ఎలా వస్తుంది? ట్రక్కును తలకిందులు చేసి చూడండి. చక్రాల నుంచి వచ్చే రెండు స్టీరింగ్ చేతులు ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు. టై రాడ్డు ఇరుసుకు వెనక ఉన్నట్లయితే అవి లోపలికి వాలి ఉంటాయి. వాటి గీతలను వెనక్కి పొడిగిస్తే సుమారుగా వెనక ఇరుసు మధ్యలో కలుస్తాయి. కింగ్‌పిన్‌లు, చేతుల చివరలు కలిసి ఒక ట్రాపిజియం అవుతాయి. ఒకే రాడ్డు రెండు చేతులనూ ఒకే దూరం జరిపినా, వాలు వల్ల కోణాలు వేరవుతాయి. ఈ ఏర్పాటు అన్ని కోణాల్లోనూ ఖచ్చితంగా లెక్కకు సరిపోదు, దగ్గరగా వస్తుంది. అది చాలు.

ఇప్పుడు అమరిక. ఇక్కడ ఒక నియమం పెట్టుకోండి: ముందు ఇనుము, తర్వాత విద్యుత్తు. యంత్ర భాగాల్లో ఉన్న తప్పును ట్రాన్స్‌మిటర్ మీటలతో కప్పిపుచ్చకూడదు. నేను మొదటిసారి ట్రక్కు అమర్చినప్పుడు ఈ తప్పే చేశాను. ఆ కథ కాసేపట్లో చెబుతాను.

ట్రక్కు చక్రాలు నేలకు తగలకుండా ఒక పెట్టె మీద పెట్టండి. సర్వో చేయి విప్పేయండి. ట్రాన్స్‌మిటర్‌లోని ట్రిమ్‌లన్నీ సున్నాకు తెచ్చి, ముందు ట్రాన్స్‌మిటర్ వేసి తర్వాత ట్రక్కు వేయండి. ఆపేటప్పుడు ముందు ట్రక్కు, తర్వాత ట్రాన్స్‌మిటర్. ఈ వరస తప్పితే కొన్ని ట్రక్కులు తమంతట తాము పరుగు తీస్తాయి. ఇప్పుడు సర్వో తన నేరు స్థానానికి వచ్చి నిలుస్తుంది. అప్పుడు చేయిని, అది తోసే లింకుకు లంబకోణంలో ఉండేలా తొడగండి. సర్వో ఇరుసు మీద సన్నటి పళ్లు ఉంటాయి. చాలా రకాల్లో 25 పళ్లు. 360ని 25తో భాగిస్తే ఒక్కో పన్నుకు 14.4 డిగ్రీలు. అందుకే ఎంత ప్రయత్నించినా కొన్నిసార్లు లంబకోణం కచ్చితంగా కుదరదు, గరిష్ఠంగా 7 డిగ్రీల దాకా తేడా మిగులుతుంది. ఆ మిగిలిన కొంచెం తేడాకు మాత్రం ట్రాన్స్‌మిటర్‌లోని సబ్‌ట్రిమ్ వాడుకోవచ్చు.

నేను చేసిన పని ఏమిటంటే, చేయిని ఒక పన్ను పక్కకు తొడిగాను. చక్రాలు వంకరగా నిలిచాయి. పన్ను మార్చడం మానేసి లింకు పొడవు పెంచి చక్రాలను నేరుగా తెచ్చాను. ట్రక్కు తిన్నగానే పోయింది, నేను సంతోషించాను. కానీ కుడికి చిన్న వృత్తంలో తిరిగే ట్రక్కు ఎడమకు పెద్ద వృత్తం గీసేది. ఒక సాయంత్రమంతా ట్రిమ్ తిప్పుతూ కూర్చున్నాను. కారణం త్రికోణమితిలో ఉంది. చేయి పొడవు 2 సెంటీమీటర్లు, రెండు వైపులా 40 డిగ్రీలు తిరుగుతుందనుకోండి. లంబకోణం నుంచి మొదలైతే లింకు అటు 1.29, ఇటు 1.29 సెంటీమీటర్లు జరుగుతుంది. కానీ మొదలే 14.4 డిగ్రీలు వాలి ఉంటే ఒక వైపు 1.13, మరో వైపు 1.36 సెంటీమీటర్లు జరుగుతుంది. సైన్ వక్రం మధ్యలో నిటారుగా, చివర్లో చదునుగా ఉండటమే దీనికి కారణం. తరగతిలో ఆ వక్రాన్ని పరీక్ష కోసం గీస్తాం. నా ట్రక్కు దాన్ని నేల మీద గీసి చూపించింది. చేయి తీసి ఒక పన్ను వెనక్కి తొడగడానికి పట్టిన సమయం రెండు నిమిషాలు.

తర్వాత టై రాడ్డు. మంచి రాడ్లకు ఒక చివర కుడి మర, మరో చివర ఎడమ మర ఉంటుంది. రాడ్డును విప్పకుండా తిప్పితే పొడవు పెరగడమో తగ్గడమో జరుగుతుంది. రెండు ముందు చక్రాల ముందు అంచుల మధ్య దూరం కొలవండి, వెనక అంచుల మధ్య దూరం కొలవండి. ముందు దూరం తక్కువైతే చక్రాలు లోపలికి చూస్తున్నట్టు. దాన్ని టో-ఇన్ అంటారు. 10 సెంటీమీటర్ల వ్యాసం గల చక్రాలకు ఈ తేడా 2 మిల్లీమీటర్లుంటే ఒక్కో చక్రం అర డిగ్రీకి కాస్త ఎక్కువగా లోపలికి ఉన్నట్టు. కొద్దిపాటి టో-ఇన్ ఉంటే ట్రక్కు తిన్నగా పోతుంది, ఎక్కువైతే టైర్లు అరుగుతాయి, బ్యాటరీ త్వరగా దిగుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీకి అలైన్‌మెంట్ చూసే మేస్త్రీ కొలిచేదీ ఇదే. మొదట సున్నాతో మొదలుపెట్టమని నా సలహా. కారణం లేకుండా ఏ కోణమూ పెట్టవద్దు.

కింగ్‌పిన్‌ను పక్క నుంచి చూస్తే దాని పై భాగం కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. దీన్ని క్యాస్టర్ అంటారు. మీ సైకిల్ ముందు ఫోర్కును గుర్తుచేసుకోండి. చేతులు వదిలినా సైకిల్ కొంత దూరం తిన్నగా పోవడానికి తోడ్పడే వాటిలో ఆ వాలు ఒకటి. మన ట్రక్కులో కూడా చక్రం తనంతట తాను నేరు స్థానానికి తిరిగి రావడానికి అది సాయపడుతుంది.

ఇప్పుడు విద్యుత్తు వంతు. ట్రాన్స్‌మిటర్ చక్రాన్ని కుడికి తిప్పితే ట్రక్కు చక్రాలు ఎడమకు పోతున్నాయా? రివర్స్ స్విచ్ మార్చండి, తీగలు మార్చవద్దు. తర్వాత చివరి హద్దులు. చక్రం తన చివరి అడ్డుకు తగిలాక కూడా సర్వో ఇంకా తిప్పాలని చూస్తుంటే గుంయ్‌మని మూలుగుతుంది. తిరుగుతున్న మోటారు తనలో ఎదురు విద్యుచ్ఛాలక బలాన్ని పుట్టించుకుని కరెంటును తగ్గించుకుంటుంది. ఆగిపోయిన మోటారులో ఆ ఎదురు బలం సున్నా. అప్పుడు కరెంటును అడ్డుకునేది తీగ చుట్ట నిరోధం ఒక్కటే. అందుకే సర్వో వేడెక్కి కాలిపోతుంది. అంతకన్నా ప్రమాదకరమైన సంగతి మరొకటి ఉంది. ఆ కరెంటుకు రిసీవర్‌కు అందే వోల్టేజి పడిపోతే రిసీవర్ ఒక క్షణం నిద్రపోతుంది. ఆ క్షణంలో ట్రక్కుకు యజమాని ఎవరూ లేరు. కాబట్టి ట్రాన్స్‌మిటర్‌లో రెండు వైపుల హద్దులనూ విడివిడిగా, మూలుగు ఆగేంత వరకు తగ్గించండి.

సంకేతం తెగిపోతే ట్రక్కు ఏం చేయాలో ముందే నేర్పి ఉంచే సౌకర్యం చాలా రిసీవర్లలో ఉంటుంది. సంకేతం పోగానే మోటారు ఆగి బ్రేకు పడేలా దాన్ని అమర్చండి. చక్రాలు గాలిలో ఉండగానే ట్రాన్స్‌మిటర్ ఆపి, ఆ ఏర్పాటు పనిచేస్తుందో లేదో చూడండి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ట్రక్కును నేల మీద పెట్టవద్దు. చిన్న పిల్లలు తిరిగే చోట మూడు కిలోల ట్రక్కు కాలి మడమకు తగిలితే చిన్న దెబ్బ కాదు.

నేల మీద మొదటి పరీక్ష తిన్నగా నడపడం. నెమ్మదిగా తోసి వదిలితే తిన్నగా పోయి, మోటారు లాగినప్పుడు మాత్రం పక్కకు పోతుంటే తప్పు స్టీరింగ్‌లో లేదు. ఒక చక్రం బిగుసుకుని ఉండవచ్చు, టైర్లు రెండూ ఒకే కొలతలో లేకపోవచ్చు. వదిలినప్పుడు కూడా పక్కకే పోతుంటే టై రాడ్డు, చేయి చూడాలి. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఎటు బడితే అటు పోతుంటే ఎక్కడో లూజు ఉంది. చక్రాన్ని రెండు చేతులతో పట్టి అటూ ఇటూ ఆడిస్తే అది ఏ జాయింటులో ఉందో దొరుకుతుంది. ట్రిమ్ తిప్పడం వల్ల లూజు పోదు.

ట్రక్కుల్లో మాత్రమే వచ్చే తిక్క ఒకటుంది. కార్లకు భిన్నంగా చాలా ట్రక్కులకు ముందు ఇరుసు ఒకే దూలంలా ఉంటుంది. సర్వో చట్రం మీద, ఇరుసు స్ప్రింగుల మీద ఉంటాయి. గతుకు వచ్చి ఇరుసు పైకి లేచినప్పుడు మధ్యనున్న లింకు ఒక చాపంలో, ఇరుసు ఇంకొక చాపంలో కదులుతాయి. ఆ తేడా చక్రాన్ని కొంచెం తిప్పేస్తుంది. మీరు స్టీరింగ్ ముట్టుకోకుండానే ట్రక్కు తల తిప్పుతుంది. అసలు లారీల్లో కూడా ఇది ఉంది. బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ ఒక పక్కకు లాగడానికి గల కారణాల్లో ఇదొకటి. దీనికి మందు, సర్వోను ఇరుసు మీదే బిగించడం, లేదా లింకును ఇరుసు పక్కకు కదలకుండా పట్టే రాడ్డుకు సమాంతరంగా, దాదాపు అంతే పొడవుతో ఉంచడం. రెండు చాపాలూ ఒకటైతే పేచీ లేదు.

వేగం పెరిగాక మరో సమస్య. వృత్తంలో తిరిగే వస్తువుకు కావలసిన అభికేంద్ర త్వరణం వేగ వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. 60 సెంటీమీటర్ల వ్యాసార్ధంలో సెకనుకు 1.5 మీటర్ల వేగంతో పోతే త్వరణం 3.75. అదే మలుపులో వేగం రెట్టింపు చేస్తే 15. గురుత్వ త్వరణం 9.8 అని మీకు తెలుసు. అంటే పక్కకు లాగే ప్రభావం బరువును మించిపోయింది. ట్రక్కు పట్టు తప్పి జారుతుంది, గరుత్వ కేంద్రం ఎత్తుగా ఉంటే జారకముందే పల్టీ కొడుతుంది. పైదాకా సరుకెక్కించిన లారీ ఘాట్ రోడ్డులో ఒరిగిపోవడానికీ సూత్రం ఇదే. అందుకే ట్రాన్స్‌మిటర్‌లో డ్యుయల్ రేట్ అనే మీట ఉంటుంది. వేగంగా నడిపేటప్పుడు దాన్ని తగ్గిస్తే చక్రాలు పూర్తిగా తిరగవు. ఎక్స్‌పొనెన్షియల్ అనే మరో సర్దుబాటు మధ్యలో స్టీరింగ్‌ను నెమ్మదిగా, చివర్లో చురుకుగా చేస్తుంది. కొత్తవాళ్లు దాన్ని బాగా పెంచేసి ట్రక్కు మంచిదైందని అనుకుంటారు. చెయ్యి స్థిరపడే దాకా తక్కువలోనే ఉంచడం మేలు.

ఇక మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. ముందు చక్రం తప్పించుకున్న గుంటలో వెనక చక్రం ఎందుకు పడింది?

పైన వేసిన లెక్కలోనే జవాబు ఉంది. వెనక లోపలి చక్రం కేంద్రం నుంచి సుమారు 52 సెంటీమీటర్ల దూరంలో తిరుగుతోంది. ముందు లోపలి చక్రం కేంద్రానికి 52 అడ్డంగా, 30 ముందుకు ఉంది. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 52 వర్గం 2704, 30 వర్గం 900, మొత్తం 3604, దాని వర్గమూలం 60. అంటే ముందు చక్రం 60 సెంటీమీటర్ల వృత్తం మీద, అదే వైపు వెనక చక్రం 52 సెంటీమీటర్ల వృత్తం మీద పోతున్నాయి. వెనక చక్రం 8 సెంటీమీటర్లు లోపలికి కోసుకుపోతోంది.

ఇప్పుడు ఇదే ఆకారాన్ని 14 రెట్లు పెంచండి. ఇరుసుల మధ్య దూరం 4.2 మీటర్లు అవుతుంది, అది మన రోడ్ల మీది లారీ కొలతే. 8 సెంటీమీటర్లు 112 సెంటీమీటర్లు అవుతుంది. మీటరుకు పైగా! లారీ ముందు భాగం మీ పక్క నుంచి క్షేమంగా దాటిపోయిందని మలుపు లోపలి అంచున నిలబడిన మనిషి అనుకుంటాడు. ఆ తర్వాత వెనక చక్రం అతను నిలబడిన చోటికే వస్తుంది. డ్రైవరు తప్పేమీ లేకపోవచ్చు. ఆ వైపు వెనక చక్రం అతనికి అద్దంలో కనబడితే కనబడుతుంది, లేకపోతే లేదు. తోంగ్‌పాల్ అయినా, చింతూరు అయినా, సంత రోజున రోడ్డు అంచున బుట్టలతో నడిచేవాళ్లు, సైకిల్ తొక్కుతూ బడికి పోయే పిల్లలు ఉండేది సరిగ్గా ఆ మీటరు జాగాలోనే. లారీకి ట్రెయిలర్ తగిలిస్తే ఈ కోత ఇంకా పెరుగుతుంది. డ్రైవరు మలుపుకు ముందు బయటికి పోవడం ఎందుకో ఇప్పుడు మీకు తెలిసింది. వెనక చక్రాలకు చోటు విడుస్తున్నాడు.

చక్రాలు తిప్పకుండా కూడా మలుపు తిరిగే బండ్లున్నాయి. 1970 నవంబరులో చంద్రుడి మీద దిగిన సోవియట్ లూనోఖోద్-1కు ఎనిమిది చక్రాలు. ఏ చక్రమూ పక్కకు తిరగదు. ఒక వైపు చక్రాలను వేగంగా, మరో వైపు నెమ్మదిగా తిప్పి బండిని మళ్లించేవారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3తో దిగిన 26 కిలోల మన ప్రజ్ఞాన్‌కు ఆరు చక్రాలు. అక్కడ సంకేతం వెళ్లి రావడానికే రెండున్నర సెకన్లకు పైగా పడుతుంది కనుక మలుపులో ఉండగా స్టీరింగ్ సరిచేసుకునే వీలు లేదు. తోవ ముందే నిర్ణయించుకుని కొద్దికొద్దిగా నడపాలి. మీ మైదానంలో అటువంటి ఆలస్యం లేదు. అది మీ అదృష్టం.

చివరగా ఒక ప్రయోగం. ఇంట్లో ముగ్గు పిండి ఉంటుంది. సిమెంటు నేల మీద గానీ, గట్టిగా అలికిన వాకిట్లో గానీ దాన్ని పలచగా, సమంగా చల్లండి. ట్రక్కు ముందు చక్రాలకు పొడి పసుపు, వెనక చక్రాలకు పొడి కుంకుమ రాయండి. స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పి, చాలా నెమ్మదిగా ఒక చుట్టు నడపండి. నేల మీద నాలుగు వృత్తాలు పడతాయి. పసుపు చార వెంట పొడి చెదిరి వెడల్పుగా కనిపిస్తే ఆ చక్రం దొర్లకుండా రుద్దుకుందని అర్థం, ట్రాపిజియం సరిచూడండి. లోపలి పసుపు చారకూ లోపలి కుంకుమ చారకూ మధ్య దూరం స్కేలుతో కొలిచి, పైన చెప్పిన లెక్కతో పోల్చండి. తర్వాత కుడికి ఒక చుట్టు. రెండు వైపుల వృత్తాల వ్యాసాలూ ఒకటి కాకపోతే సర్వో చేయిని మళ్లీ విప్పి చూడండి. ఇదంతా అయ్యాక లోపలి రెండు చారల మధ్య ఒక అగ్గిపుల్లను నిలబెట్టి, ట్రక్కును అదే తోవలో మరోసారి నడపండి.